గేటు దగ్గర నీ ముఖం

రాజపాళయం,
మార్గళి నెల, ఆదివారం

చిరంజీవి ముకుందుకు అమ్మ దీవెనలు.

ఇక్కడ నేనూ, అర్చనా, దర్శినీ ఒంట్లో సుఖంగానే ఉన్నాం. నువ్వు కర్ర లేకుండా మెట్లు దిగుతున్నావని, రాత్రిళ్ళు మాత్ర వేసుకోకుండానే నిద్ర పడుతోందని నీ ఉత్తరంలో చదివాక మనసు కొంచెం కుదుటపడింది. ఆ రెండు వాక్యాలూ మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను. ఉత్తరంలో మిగతాది అన్నిసార్లు చదవడం నా వల్ల కాలేదు. ఎందుకో తర్వాత చెబుతాను.

తాగుడు మాన్పించే మీ సెంటరులో ఫోను ఇవ్వరు, వచ్చిన ఉత్తరం కూడా వాళ్ళు చూశాకే మీ చేతికి ఇస్తారు. పోయినసారి నా ఉత్తరం చూసి అక్కడి మేడమ్, "ఇది మాకు అర్థం కాదు, మీరే చదువుకోండి" అని నవ్వి ఇచ్చేసిందని రాశావు. అదీ మంచికే అయింది. తమిళనాడులో ఉన్నా మన ఊళ్ళో ఇంటింటా తెలుగు మాట్లాడతారు కానీ రాయగలిగినవాళ్ళు ఎందరున్నారు? మా నాయన నాకు నేర్పాడు, నేను నిన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని నేర్పాను. "పరీక్షలో రాదు కదా, ఇది ఎందుకమ్మా" అని ఏడ్చేవాడివి. ఇప్పుడు నేను రాసేది ఇంకెవరూ చదవరు. నువ్వు ఒక్కడివే చదువుకో.

ఈసారి వానలు ఆలస్యంగా మొదలయ్యాయి కానీ విడిచిపెట్టకుండా కురిశాయి. పడమటి కొండ మీద మబ్బు ఇంకా దిగలేదు. పొద్దెక్కినా చలి పోవడం లేదు. సేత్తూరులో నా తమ్ముడి మామిడి తోట, అదే, మీ శంకర మామ తోట, బాగా పూత పట్టింది. ఈ మబ్బుకు పూత మాడిపోతుందని రోజూ దిగులుపడుతున్నాడు. మిల్లులో నీ పని సంగతి కూడా మామే పోయి అడిగాడు. కాలు కుదుటపడ్డాక చూద్దాం అన్నారట. కాదని అనలేదు, అది చాలు ఇప్పటికి. నీ షిఫ్టువాళ్ళు ఇద్దరు ముగ్గురు ఎలా ఉన్నావని అడిగారట. బాగున్నాడు, మందు మానేశాడు అని మామ చెప్పాడు. మానేశాడు అన్నాడు, మానేస్తున్నాడు అనలేదు. నీ మీద మామకు ఉన్న నమ్మకం అది.

అర్చన ఉద్యోగం సంగతి అడిగావు. వేరే మిల్లు ఆఫీసులో లెక్కల సెక్షనులో చేరింది. ఇన్నేళ్ళు ఇంట్లో ఉన్న పిల్ల, ఎలా నెగ్గుకొస్తుందో అని భయపడ్డాను. బాగానే చేస్తోంది. పొద్దున వంట ముగించి, పిల్లను స్కూలు వ్యానెక్కించి, స్కూటీ మీద పోతుంది. సాయంకాలం వచ్చాక కాసేపు ఎవరితోనూ మాట్లాడదు. కాళ్ళు చాపుకుని కూర్చుని కాఫీ తాగుతుంది. నేనూ మాట్లాడించను.

దర్శిని నిన్ను అడుగుతోందా అని రాశావు. అడుగుతుంది. "అప్పా కాలు బాగయిందా అవ్వా? ఇప్పుడు నడుస్తా ఉండాడా?" అంటుంది. నడుస్తున్నాడు అంటే తల ఊపుతుంది. ఎప్పుడు వస్తాడు అని మాత్రం ఇంతవరకు అడగలేదు. నిన్ను నొప్పించాలని రాయడం లేదు నాయనా. నువ్వు అడిగావు, ఉన్నది రాస్తున్నాను. ఈ ఉత్తరంలో ఉన్నది ఉన్నట్టు రాయాలని కూర్చున్నాను.

గేటుకు కెమెరా బెల్లు పెట్టించాలన్న ఆలోచన ఎవరిది, అర్చనదేనా అని అడిగావు. కాదు. నాది. ఎందుకు పెట్టించానో మొదటినుంచి చెబితే గానీ నీకు అర్థం కాదు.

పాత ఇంటర్‌కామ్ మీ నాన్న పెట్టించినప్పుడు నువ్వు కాలేజీలో ఉన్నావు. గేటు స్తంభానికి చిల్లుల పెట్టె, హాల్లో గోడకు రిసీవరు. బెల్లు మోగితే రిసీవరు ఎత్తి ఎవరని అడగాలి. తెలిసిన గొంతు అయితే పక్కన ఉన్న బొత్తాం నొక్కాలి. గేటు గడియ టక్కుమని విడిపోతుంది. మీ నాన్న రోజూ బయటినుంచి, "పంకజం, రాజాగారు వచ్చినారు, కోట తలుపు తీయండి" అనేవారు. నేను కాసేపు తీయకుండా ఆయన్ని నిలబెట్టేదాన్ని. ఆయన పోయాక కూడా ఆ పెట్టె పనిచేస్తూనే ఉంది. వాన పడితే గరగరమనేది, అంతే. మనిషి కనబడకపోతేనేం, గొంతు తెలిస్తే చాలదా అనుకునేదాన్ని.

తర్వాత నీ తాగుడు మొదలైంది. తాగిన రోజు సేత్తూరులో మామ దగ్గర పడుకోవాలి, తాగని రోజే ఇంటికి రావాలి అని మామ ముందు నువ్వే ఒప్పుకున్నావు. కొన్నాళ్ళు మాట నిలబెట్టుకున్నావు కూడా. నేను రిసీవరులో నీ గొంతు విని, తేడా లేకపోతే తీసేదాన్ని.

ఎండలు మండిపోయే చిత్తిరై నెలలో ఒక రోజు. ఆ రోజు సంగతి నీకు గుర్తులేదని, కాలు విరిగి ఆస్పత్రిలో ఉన్నప్పుడు అన్నావు. నిజమే అయి ఉండవచ్చు. మాకు మాత్రం గుర్తుంది.

"అమ్మా, నేనే. షిఫ్టు ముగిసింది. బాగా ఆకలేస్తా ఉంది, తినేదానికి ఏముంది?" అన్నావు.

ఎంత శుభ్రంగా ఉందిరా ఆ గొంతు! చదువుకునే రోజుల్లో ఇంటికి వచ్చి అడిగినట్టే అడిగావు. వంకాయ పులుసు ఉంది రా అని నేను సంతోషంగా బొత్తాం నొక్కాను. లోపలికి వచ్చిన మనిషిని చూశాక గానీ నాకు తెలియలేదు. నువ్వు నన్ను దాటుకుని వంటింటి వైపు పోయావు. అర్చనను ఏమడిగావో, ఆమె ఏం చెప్పిందో నాకు వినబడలేదు. ఆమె చేయి తలుపు సందులో ఉండగా తలుపు వేశావు. ఆమె అరవలేదు. అరిచింది దర్శిని. అరుస్తూ బాత్రూములోకి పరిగెత్తి గడియ పెట్టుకుంది. నువ్వు వెళ్ళిపోయాక కూడా బయటికి రాలేదు. నేను తలుపు దగ్గర కూర్చుని ఎంత బతిమాలినా లోపలినుంచి ఒకటే మాట.

"నువ్వు ఎందుకు తీసినావు అవ్వా? నువ్వు ఎందుకు తీసినావు?"

అర్చన కుడిచేతి చూపుడువేలు ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోదు. కంప్యూటరు కొట్టేటప్పుడు ఆ వేలు ఒక్కటీ పైకెత్తి పెట్టుకుంటుందట.

ఆ రోజునుంచి బెల్లు మోగితే చాలు, పిల్ల చేతిలో ఉన్నది ఎక్కడిదక్కడ పడేసి బాత్రూములోకి పోయేది. పాలు పోసే ఆమె వచ్చినా అంతే, సిలిండరు వచ్చినా అంతే. అన్నం తింటూ తింటూ ఎంగిలి చేత్తోనే పరిగెత్తేది. ఒకసారి కొరియరువాడు వచ్చాడు. నేను రిసీవరు ఎత్తి మాట్లాడి, "ఎవరో వేరే అతనే, భయం లేదు, రా" అన్నాను.

లోపలినుంచి, "అప్పా గొంతు మార్చి మాట్లాడతా ఉండాడు అవ్వా. నీకు తెలియదు. తీయొద్దు" అంది.

పిల్ల చెప్పిందాంట్లో తప్పేముంది? గొంతును నమ్మి నేనే కదా గడియ తీసింది. ఆ రాత్రే అర్చనతో అన్నాను, ఈ వినేది మనకు చాలదు, ఎవరు వచ్చారో కళ్ళకు కనబడేది పెట్టిద్దాం అని. "మీకెట్ల సరి అనిపిస్తే అట్ల చేయండి అత్తా" అంది. ఆమె చెప్పింది ఆ ఒక్క మాటే.

మన మోటారు, ఫ్యాన్లు చూసే తంగవేల్‌ను పిలిపించాను. పాత ఒయరు గొంతుకు మాత్రమే సరిపోతుంది, బొమ్మ రావాలంటే కొత్త కేబులు లాగాలి అన్నాడు. గేటునుంచి హాలు దాకా గోడ వెంట పైపు కొట్టాడు. పాత రిసీవరు విప్పి నా చేతికి ఇవ్వబోయాడు. నేను తీసుకోలేదు. తీసుకుపోయి ఏమైనా చేసుకో అన్నాను. గోడ మీద అది ఉన్న చోట సున్నం పాత రంగులో నలుచదరంగా మిగిలింది. కొత్త తెర దానికంటే పెద్దది కాబట్టి మూసుకుపోయింది.

కెమెరా మొదట గేటు స్తంభానికి పెడితే వచ్చిన మనిషి వెనక పొద్దు ఉండి, ముఖం అంతా నల్లగా కనబడింది. పక్క గోడకు మార్చాల్సి వచ్చింది. ముఖం తెలుస్తోందా లేదా చూడటానికి అర్చనను బయట నిలబెట్టాం.

"అత్తా, తెలుస్తా ఉండానా?" అని అడిగింది.

తెలుస్తోంది. ఆమె నేరుగా కెమెరాలోకి చూస్తోంది. కళ్ళ కింద నలుపు, చెంపలు లోపలికి పోవడం, అన్నీ తెలుస్తున్నాయి. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చినప్పటినుంచి ఆ పిల్ల ముఖాన్ని నేను అంతసేపు చూడలేదు ముకుందూ. ఎప్పుడూ ఏదో పని చేస్తూ పక్కకు తిరిగి ఉండేది. నేనూ పని చెప్పేదాన్నే గానీ ముఖం చూసేదాన్ని కాదు. తంగవేల్, "సరిగా ఉందా అమ్మా, బిగించేయనా" అని రెండోసారి అడిగితే గానీ నాకు వినబడలేదు.

సాయంకాలం దర్శినిని తెర ముందు స్టూలు ఎక్కించి, నేను బయటికి పోయి బెల్లు నొక్కాను. పెట్టెలోంచి దాని గొంతు వినబడింది.

"అయ్యో అవ్వా, నీ ముక్కు ఎంత పెద్దగా ఉంది!"

నవ్వింది ముకుందూ. ఎన్నో నెలల తర్వాత నోరారా నవ్వింది. నేను అక్కడే నిలబడి మళ్ళీ మళ్ళీ బెల్లు నొక్కాను. పక్కింటి రాజాత్తి బయటికి వచ్చి, ఏమయింది అక్కా అని అడిగేదాకా నొక్కాను. ఆ వారంలోనే పిల్ల పరిగెత్తడం మానేసింది. బెల్లు మోగితే ముందు తెర చూస్తుంది. "పాలామె అవ్వా" అని చెప్పి మళ్ళీ తన పని చూసుకుంటుంది. నేను పెట్టించింది అందుకే. నిన్ను పట్టుకోవాలని కాదు. అలా అనుకుంటున్నావని నీ ఉత్తరం చదివితే తెలుస్తోంది.

ఇక నువ్వు చివరి పేజీలో రాసిన దానికి వస్తాను. ఇప్పటిదాకా చుట్టూ తిరుగుతూనే వచ్చాను.

"కరెంటు లేక మిషను పనిచేయలేదని ఆస్పత్రిలో చెప్పినావు. నేను బెల్లు కొట్టినప్పుడు నీలం లైటు వెలిగింది, నాకు బాగా గుర్తుంది. ఎవరూ మాట్లాడలేదు. చివర్లో ఆడ గొంతు ఒకటి, పడితే పడనీ అన్నది. అది అర్చన గొంతు. నా చెవులతో విన్నాను. బయటికి వచ్చినాక ఆమెతోనే తేల్చుకుంటాను" అని రాశావు.

ఆ మాటలు చదివినప్పటినుంచి నాకు అన్నం సహించడం లేదు. నీ కోపం ఎలా ఉంటుందో మాకు తెలుసు. అందుకే ఇక దాచను.

కరెంటు ఉంది. ఆస్పత్రిలో నేను నీకు అబద్ధం చెప్పాను. ఆ రోజు మేం ముగ్గురం హాల్లోనే ఉన్నాం. అర్చన అప్పటికి ఇంకా పనిలో చేరలేదు. బయట కుండపోత వాన. బెల్లు మోగగానే దర్శిని తెర చూసింది. పరిగెత్తలేదు. "అప్పా" అని మెల్లగా చెప్పి, నా వెనక్కి వచ్చి నా కొంగు పట్టుకుంది.

నేను మాట్లాడే బొత్తాం నొక్కాను. పలకకుండా ముందు నీ ముఖం చూశాను. నువ్వు కెమెరాకు బాగా దగ్గరగా నిలబడి ఉన్నావు. నిన్ను ఎవరూ చూడటం లేదనుకున్నావో ఏమో, రుమాలుతో ముఖం తుడుచుకున్నావు. తడిసిన జుట్టు వెనక్కి దువ్వుకున్నావు. కాలరు సర్దుకున్నావు. తర్వాత గొంతు సవరించుకుని పిలిచావు.

"అమ్మా, నేనే. ఈ వారమంతా ముట్టుకోలేదు. సత్యంగా. దర్శినికి పాల్కోవా తెచ్చినాను. వాన తగ్గినాక పోతాను."

శ్రీవిల్లిపుత్తూరు పాల్కోవా డబ్బా పైకెత్తి చూపించావు. గొంతు అదే, చిత్తిరై నెలలో నేను విన్న శుభ్రమైన గొంతు. పాత రిసీవరు అయి ఉంటే ఈసారీ నొక్కేసేదాన్ని. కానీ కళ్ళు కనబడుతున్నాయి కదా. ఒక కన్ను తెరుచుకోవడం లేదు. గోడ పట్టుకున్న చేయి జారిపోతోంది, మళ్ళీ పట్టుకుంటున్నావు. నేను కన్నదాన్ని, నీ కళ్ళు నాకు తెలియవా?

అర్చన నా పక్కకు వచ్చి చెవి దగ్గర గుసగుసగా మాట్లాడింది.

"అత్తా, బాగా తడుస్తా ఉండాడు. నేను దర్శినిని తీసుకుని మాడి మెట్లెక్కి పైగదికి పోయి గడియ పెట్టుకుంటాను. మీరు తీయండి" అంది.

"వద్దు" అని నేనూ మెల్లగానే అన్నాను.

"బండి మీద వచ్చినాడు అత్తా. ఈ వానలో మళ్ళీ బండి ఎక్కినాడంటే పడిపోతాడు. కాలు నిలవడం లేదు, చూడండి."

చూస్తూనే ఉన్నాను. ఆమె ఇక ఆగలేక తనే గేటు బొత్తాం వైపు చేయి చాచింది. ముడుచుకోని ఆ వేలితోనే నొక్కబోయింది. నేను ఆ చేయి గట్టిగా పట్టుకున్నాను.

"పడితే పడనీ" అని గట్టిగా అన్నాను.

ఆ మాట అన్నది నేను నాయనా. మీ అమ్మ. నీకు వినబడిన ఆడ గొంతు నాది. మాట్లాడే బొత్తాం ఇంకా వేసే ఉందని నాకు తట్టలేదు. వాన చప్పుడులో, పెట్టెలోంచి వచ్చిన గొంతు కదా, నీకు అర్చనదిలా వినబడి ఉంటుంది. ఆ మాట విని నువ్వు ఒక్కసారి తలెత్తి చూశావు. తర్వాత డబ్బాను గేటు గోడ మీద పెట్టి, తిరిగి చూడకుండా పోయావు. కాసేపు ఖాళీ గేటు కనబడి తెర ఆరిపోయింది.

ఏం చేయాలో నాకు తోచలేదు. తోచింది అర్చనకు. వెంటనే మామకు ఫోను చేసింది. "మామా, మీ వైపే వస్తా ఉండాడు. నిదానంలో లేడు, తాగి ఉండాడు. బండి తీసుకుని ఎదురు పోండి, సీక్రం, తొందరగా" అంది. మామ అనుకోకుండా ఆ దోవన వచ్చి నిన్ను చూశాడని నీకు చెప్పాం. అదీ నిజం కాదు. సేత్తూరు రోడ్డు వార వాన నీళ్ళు నిలిచిన గుంటలో నువ్వు కాలు విరిగి పడి ఉన్నావు, బండి నీ మీద ఉంది. నీళ్ళు నీ గడ్డం దాకా ఉన్నాయట. మామ అది చెబుతూ ఏడ్చాడు. అర్చన ఫోను చేయకపోతే ఆ వానలో ఎవరు వచ్చేవారు?

ఆస్పత్రిలో కాలికి రాడ్డు వేసి పడుకోబెట్టాక నువ్వు కళ్ళు తెరిచి, "ఎందుకు తీయలేదమ్మా" అని అడిగావు. కరెంటు లేదురా అని నోటికి వచ్చింది చెప్పేశాను. పడనీ అన్న నోటితో, పడి ఉన్న నీ ముందు నిజం చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆ అబద్ధం పోయి అర్చన మెడకు చుట్టుకుంటుందని ఊహించలేదు.

ఆ రోజు గేటు తీయకపోవడం తప్పని నేను ఇప్పటికీ అనుకోవడం లేదు. మళ్ళీ అలాగే వస్తే మళ్ళీ తీయను. కానీ ఆ మాట అనకుండా ఉండాల్సింది. గేటు తీయనందుకు నిన్ను క్షమించమని అడగను. ఆ మాటకు మాత్రం అడుగుతున్నాను.

నీ ఉత్తరం అర్చనకు చూపించలేదు. అది వచ్చిన మొన్నటి రోజు ఆమె ఆఫీసునుంచి వచ్చి, "ఏమి రాసినాడు అత్తా" అంది. బాగున్నాడట అన్నాను. ఆమె నా ముఖం చూసింది.

"ఆ మాట నేను అన్నానని అనుకుంటా ఉండాడా?" అంది.

నేను ఉత్తరం మడిచి కొంగు కింద పెట్టుకున్నాను.

"అనుకోనీండి అత్తా. మీరు అన్నారని తెలిస్తే తట్టుకోలేడు. నా మీద కోపం కొత్తది కాదు కదా" అని కాఫీ గ్లాసు తీసుకుని వంటింట్లోకి పోయింది.

ఆ నింద తన మీద వేసుకుంటానంది ముకుందూ. నువ్వు బయటికి వచ్చి ఏం చేస్తావో తెలిసి కూడా. ఆ మాట విన్నాక నేను ఇక ఊరుకోలేకపోయాను. ఈ రాత్రి ఆమె పడుకున్నాక ఈ కాగితాలు తీసుకుని కూర్చున్నాను. రేపు నేనే పోయి పోస్టులో వేస్తాను.

వచ్చే తై నెలలో, పొంగలి అయ్యాక, నిన్ను పంపించేస్తామని డాక్టరు చెప్పాడట. ఆ రోజు సెంటరు గేటు దగ్గర నేనూ మామా ఉంటాం. నిన్ను ఈ ఇంటికి తీసుకురాము. సేత్తూరులో తోట పక్కన ఉన్న చిన్న ఇంటికి మామ సున్నం వేయించి, ఇప్పుడే స్నానాల గది సరిచేయిస్తున్నాడు. నువ్వు అక్కడ ఉంటావు. నేనూ నీతో అక్కడే ఉంటాను. నా బట్టలు, మందులు సర్దుకోవడం మొదలుపెట్టాను. ఈ ఇల్లు అర్చనకూ దర్శినికీ వదిలిపెట్టి వస్తున్నాను. ఎన్నాళ్ళు అని అడగొద్దు. అది చెప్పాల్సింది నువ్వూ కాదు, నేనూ కాదు.

నిన్న అర్చనను తెర దగ్గరికి పిలిచి చెప్పాను. "ఇక ఈ బొత్తాం నీది. రేపు వాడిని పక్కన పెట్టుకుని నేనే వచ్చి బెల్లు కొట్టినా, నేనే ఏడ్చి బతిమాలినా, నీకు సరి అనిపించకపోతే తీయొద్దు. నన్ను కూడా లోపలికి రానివ్వొద్దు" అన్నాను.

"అదేమి మాట అత్తా" అంది.

మాట ఇవ్వమన్నాను. చాలాసేపు ఇవ్వలేదు. చివరికి ఇచ్చింది.

ఇది చదివాక నీకు కోపం వస్తుంది. వస్తే రానీ. అర్చనకు ఒక్క ముక్క కూడా రాయొద్దు. ఏమి అనాలన్నా నాకు రాయి. తిట్టాలన్నా నాకే రాయి. ఒక్కొక్కటీ చదివి జవాబు రాస్తాను. అసలు రాయకపోయినా సరే, పంపించే రోజు నేను అక్కడికి వస్తాను. నువ్వు నా ముఖం చూడనని తిరిగి లోపలికి పోతే, గేటు బయట కూర్చుని ఉంటాను. నువ్వు వచ్చేదాకా మామను కూడా ఇంటికి పొమ్మని చెప్పను.

కాలు తడవకుండా చూసుకో. చలికి రాడ్డు వేసిన చోట లాగుతుంది, రాత్రి పడుకునే ముందు గుడ్డ వెచ్చచేసి పెట్టుకో.

ఇట్లు,
నిన్ను కన్న
అమ్మ